మేస్త్రీ లేని మిల్లు

మేం అనే అన్నారు, మనం అనలేదు, నేను సరిగ్గానే విన్నాను, జనం చెవులు బాగున్నాయో లేదో చూడటమే ఉద్యోగమైనదాన్ని, నా చెవుల్ని నేనే అనుమానించడమేంటి, పైగా ఆయన ఆ మాట అన్నప్పుడు నేనున్నది పరీక్ష గదిలో, గది లోపలి గదిలో, గోడలకు మెత్తటి పలకలు అతికించిన పెట్టెలాంటి దాంట్లో, బయట లారీ హారన్ కొట్టినా లోపలికి ఈగ రెక్క చప్పుడంత కూడా రాదు, హెడ్‌ఫోన్లు దూదితో తుడుస్తున్నాను, డాక్టరుగారు ఆ మందపాటి తలుపు జానెడు తెరిచి తల మాత్రం లోపలికి పెట్టి, తల్లీ, అన్నీ అయిపోయినట్టేగా, ఆదివారం మేం చీకటితోనే జలపాతానికి బయల్దేరిపోతాం, మిషను సరిచూసే కంపెనీ అతను కూడా ఆ రోజే వస్తానన్నాడు, నువ్వొచ్చి క్లినిక్ తెరిచి దగ్గరుండి చూసుకో, నువ్వుంటే నాకు నిశ్చింత, అని తల తీసేసుకున్నారు, తలుపు మూసుకుంది, గదిలో ఆ మాటొక్కటే మిగిలిపోయింది, మేం, అదే బయట వరండాలో అని ఉంటే దగ్గుల్లో, టోకెన్ల పిలుపుల్లో కొట్టుకుపోయేదేమో, ఇక్కడ పోవడానికి దానికి దారి లేదు, కోపమొచ్చి తలుపు దభాలున వేద్దామంటే ఈ తలుపు పడనివ్వదు, అంచులకు రబ్బరు, ఎంత బలంగా తోసినా దిండు మీద దిండు పడ్డట్టు మూసుకుంటుంది, కోపం తెచ్చుకోవడానికి కూడా పనికిరాని గదిలో ఇన్నేళ్ళుగా పనిచేస్తున్నానని ఇప్పుడు తెలిసింది.

ఏర్పాట్లు ఎవరు చేశారు, నేను, వ్యాను మాట్లాడింది నేను, కొండదారిలో ఏసీ వేస్తే బండి ఎక్కదు మేడమ్ అని వ్యాను అతనంటే పోనీ దిగేటప్పుడైనా వెయ్యన్నా అని బతిమాలింది నేను, అడవి గేటు దగ్గర దారి చూపించే మనిషి నంబరు పట్టింది నేను, ఆయన ఫోను కలవాలంటే ఆయన ఏ బండ మీదికో ఎక్కి నిలబడి ఉండాలి, అలాంటి మనిషితో అన్నం చల్లారబెట్టుకుని మాట్లాడి, వానల తర్వాత వాగు ఎంత లోతుంటుందో, పాకుడు పట్టిన బండలు ఎక్కడ మొదలవుతాయో, జలగలు ఏ మలుపు దాకా ఉంటాయో, సాయంత్రం గేటు మూయకముందే బయట పడాలంటే నీళ్ళ దగ్గర్నించి ఎప్పుడు లేవాలో కనుక్కున్నది నేను, పళ్ళ డాక్టరుగారి పిల్లలు ఆకలికి ఆగలేరని, కళ్ళ డాక్టరుగారి భార్యకు ఎత్తు మడమ చెప్పులు తప్ప వేరేవి లేవని, ఎవరి సంగతి వాళ్ళకన్నా ముందు నేనే ఆలోచించాను, మా డాక్టరుగారి అత్తగారికి మోకాళ్ళ నొప్పులని, మెట్లూ బండలూ లేకుండా వెదురు తోపు చుట్టూ తిరిగి నీళ్ళు పడే చోటికే పోయే చదును దారి ఒకటుందని తవ్వి తీసింది నేను, దూరమెక్కువే గానీ ముసలివాళ్ళకు భయం లేదు మేడమ్ అని ఆ దారి చూపించే మనిషి చెప్పిన రోజు నాకేదో పెద్ద పరీక్ష పాసైనంత సంబరం, నడిచేటప్పుడు ఎవరు ముందుండాలి, ఎవరు వెనకుండాలి అని కూడా అనుకున్నాను, అనుకున్న ప్రతిసారీ అందరికన్నా వెనక నేనే, సంచి భుజాన వేసుకుని, ఎవరూ తప్పిపోకుండా చూసుకుంటూ, ఎంత పిచ్చిదాన్ని, ఊహలో కూడా నాకు నేను ఇచ్చుకున్న చోటు అది, ఆ వెనక చోటు కూడా లేదట, కూరలో కరివేపాకు అంటారు, కరివేపాకు నయం, తీసి పారేసే ముందు కనీసం కూరతో కలిసి ఉడుకుతుంది, నన్ను పొయ్యి దాకా కూడా రానివ్వలేదు.

పేషెంటును పిలవడానికి బయటికొస్తే రిసెప్షన్‌లో అక్క నా మొహం చూసి, ఏంటే చిట్టీ, మిషను చెడిందా అంది, ఆదివారం నన్ను డ్యూటీకి రమ్మన్నారక్కా అన్నాను, అయితే, అంది, అయితే జలపాతం, అన్నాను, టోకెన్ల కట్టకు రబ్బరు చుడుతున్న అక్క చెయ్యి అలాగే ఆగిపోయింది, నిన్నూ తీసుకెళ్తారనుకున్నావేంటే, అంది, నవ్వలేదు, నవ్వినా బాగుండేది, జాలిపడింది, ఓసి పిచ్చిమొహమా, వాళ్ళు వెళ్తారు, మనం ఏర్పాట్లు చేస్తాం, వాళ్ళబ్బాయి పుట్టినరోజుకు హాలు మాట్లాడింది నేను కాదూ, నన్నెవరైనా రమ్మన్నారా, నేనేమన్నా అనుకున్నానా, మనమంతేనే, అని రబ్బరు మళ్ళీ చుట్టింది, ఇదిగో, ఇక్కడ దొరికింది నాకు మనం, వద్దన్నా వచ్చి ఒళ్ళో పడింది, ఈ మనంలో చేరడానికా నేను వీధి దీపం వెలుతురు పడే కిటికీ కోసం తమ్ముడితో కొట్లాడి మరీ చదివింది, మా ఇంట్లో డిగ్రీ మొహం చూసింది నేనొక్కదాన్నే, పట్టా తెచ్చిన రోజు అమ్మ దానికి అద్దం కట్టించి వంటింట్లో తగిలించింది, హాల్లో పెట్టకుండా ఇక్కడెందుకమ్మా అంటే నేనుండేది ఇక్కడేగా, నేను చూసుకోవద్దూ అంది, ఆ పట్టా మీద ఇప్పటికీ నూనె మరకలు, అక్క మీద కోపం రాకూడదు, అక్క ఏం చేసింది, అయినా వచ్చింది, నాకు రావాల్సిన కోపాన్ని అక్క ఎప్పుడో మింగేసి అరిగించుకుని కూర్చుంది, నేనూ అలాగే కూర్చోవాలని, పక్కన కుర్చీ కూడా తుడిచి పెట్టింది.

రండి తాతగారూ, ఇలా కూర్చోండి, రిటైరైన బస్సు కండక్టరట, కోడలు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది, చెవుల మీద హెడ్‌ఫోన్లు పెట్టాను, చేతికి బటన్ ఇచ్చాను, కూత వినపడగానే నొక్కాలి, ఎంత చిన్నగా వినపడినా నొక్కాలి, వినపడకపోతే నొక్కకూడదు, సరేనా, తలుపు మూసి ఇవతలికొచ్చి మిషను ముందు కూర్చున్నాను, అద్దంలోంచి ఆయన నన్నే చూస్తున్నాడు, బెల్లు కొట్టబోయేవాడిలా బొటనవేలు లేపి పెట్టుకుని, నేనింకా ఏ మీటా తిప్పలేదు, ఈ పక్క బల్ల మీద చిన్న దీపం వెలిగింది, తాతగారూ, నేనింకా మొదలుపెట్టలేదండీ, అని మైకులో అన్నాను, వినపడిందమ్మా, అన్నాడు, ఏం వినపడింది, నువ్వు పెట్టబోతున్నావని వినపడింది, అన్నాడు, నా పక్కన స్టూలు మీద కూర్చున్న కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, మళ్ళీ మొదలుపెట్టాను, కూత పెడితే నొక్కుతున్నాడు, పెట్టకపోయినా నొక్కుతున్నాడు, బస్సులో అంతేనమ్మా, బెల్లు పడిందో లేదో అని ఆలోచిస్తూ కూర్చుంటే దిగాల్సినవాళ్ళు దిగలేరు, అంటున్నాడు, రోజూ అయితే నవ్వేదాన్ని, ఇవాళ విసుగొచ్చింది, లేని కూత వినపడేదెవరికి, వినపడాలని మరీ ఆశపడేవాళ్ళకి, కాలేజీలో మొదట నేర్పేదే అది, పరీక్షలో మంచి పిల్లాడనిపించుకోవాలని నొక్కేస్తారు, వాళ్ళని నమ్మకండి, కూత ఆపి చూడండి అనేవారు, కూత ఆపి చూడు, నువ్వు ఆపి చూశావా, ఆ రోజు డాక్టరుగారు అసలేమన్నారు, గుర్తు తెచ్చుకో, మాటకు మాట తెచ్చుకో, తల్లీ, వచ్చే ఆదివారం జలపాతానికి వెళ్తున్నాం, పొద్దున వెళ్ళి పొద్దుగూకేలోగా తిరిగొచ్చెయ్యాలి, పిల్లలూ పెద్దలూ అందరూ ఉంటారు, అడవి నడక కదా జాగ్రత్తగా చెయ్యాలి, ఇలాంటివి నువ్వైతేనే పద్ధతిగా చేస్తావు, ఏర్పాట్లు చూడు, అంతే, అందులో మనం ఎక్కడుంది, వెతుకు, లేదు, మేం కూడా లేదు, మన భాష ఎంత దొంగది, క్రియ ఒక్కటి పడేస్తే చాలు, ఎవరు అన్నది చెప్పక్కర్లేదు, వెళ్తున్నాం, ఆ వెళ్తున్నాంలో మేమూ దాక్కోవచ్చు, మనమూ దాక్కోవచ్చు, ఆయన నోట్లో అది మేం, నా చెవిలో పడేసరికి మనం, దీపం వెలిగింది, బటన్ నొక్కింది నేను.

ఆయన అబద్ధమాడలేదు, అదే మంటగా ఉంది, అబద్ధమాడి ఉంటే నిలదీసేదాన్ని, ఆయన ఎప్పుడూ అబద్ధం ఆడరు, తల్లీ అంటారు, ఆయన భార్య, మేడమ్ అయితే, వాళ్ళింటికి మందులు ఇవ్వడానికి వెళ్ళినప్పుడల్లా వచ్చినవాళ్ళందరికీ చూపించి ఈ అమ్మాయి మా ఇంటి పిల్లండీ అంటుంది, ఎంత మురిసిపోయేదాన్ని, మా ఇంటి పిల్ల, ఇప్పుడు వినపడుతోంది ఆ మా, ఆ ఇల్లు నాది కూడా అయితే మన ఇల్లు అనాలి కదా, ఒక్కసారైనా, మన ఇంట్లో కూర్చోవే అన్నారా, మా ఇల్లు, మా పిల్ల, మా వ్యాను, మా ఆదివారం, నేను వాళ్ళదాన్నట, వాళ్ళు మాత్రం నా వాళ్ళు కారట, ఇదేం లెక్క, తాతగారూ, వినపడినప్పుడే నొక్కండి, నా గొంతు నాకే కరుగ్గా వినపడింది, అద్దం అవతల ఆయన బొటనవేలు తప్పు చేసినట్టు ముడుచుకుంది, కోడలు మెల్లగా, ఏమనుకోకండి మేడమ్, ఇంట్లోనూ ఇంతే, ఎవరూ పిలవకుండానే ఆఁ వస్తున్నా అని లేచొచ్చేస్తారు, వచ్చి నిలబడి ఎందుకు పిలిచావమ్మా అంటారు, నేను పిలవలేదు మామయ్యా అంటే ఆ మొహం ఇంతైపోతుంది, చూడలేం, అందుకని ఇప్పుడు పిలవకపోయినా పిలిచాననే అంటున్నాను, ఆఁ పిలిచాను మామయ్యా, మంచినీళ్ళు తాగుతారా అనో, ఈ డబ్బా మూత రావట్లేదు తియ్యండి అనో, మూత గట్టిగా పెట్టిన డబ్బా ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకుంటాను, అని నవ్వింది, నా చేతులు మీట మీద ఆగిపోయాయి, ఇంత తేలికా, పిలిచాను అంటే సరిపోతుందా, డాక్టరుగారు తల లోపలికి పెట్టినప్పుడు నా మొహం చూశారు కదా, నేను హెడ్‌ఫోన్లు పట్టుకుని ఆయన వైపు ఎలా తిరిగానో, నవ్వుకుంటూ, వాగు తగ్గిందట డాక్టరుగారూ అని చెప్పబోతూ, ఆ నవ్వు చూశారు కదా, ఆఁ నువ్వూ రా తల్లీ అంటే వ్యానులో ఒక సీటు, ఈమె పాటి బుద్ధి, ఒక డబ్బా మూత పాటి బుద్ధి, అన్ని డిగ్రీలు గోడకు తగిలించుకున్న మనిషికి లేకపోయింది.

ఒక చెవి అయ్యింది, రెండోది చెయ్యాలి, ఎడమ చెవికి కూత పెట్టేటప్పుడు కుడి చెవి దొంగతనంగా వినేయకుండా దాంట్లోకి హోరు పంపాలి, మీట తిప్పాను, శ్‌ష్‌ష్ మని సన్నగా నా చెవి దాకా వచ్చింది, అన్ని స్వరాలూ ఒకేసారి కలిసిపోయిన హోరు, కాలేజీలో మాస్టారు ఇదెలా ఉంటుందంటే సరిగ్గా జలపాతం పక్కన నిలబడ్డట్టు ఉంటుంది, అందరూ చూసే ఉంటారుగా అంటే క్లాసంతా తలలూపింది, నేనూ ఊపాను, నేను చూసింది వీధి కుళాయి, ట్యాంకరు వెనక పైపు, మిద్దె మీంచి వాన నీళ్ళు పడే గొట్టం, అప్పట్నించీ రోజూ ఎందరి చెవుల్లోనో జలపాతం పోస్తున్నాను, ఎప్పుడూ చూడని జలపాతం, అందుకే డాక్టరుగారు జలపాతం అనగానే నా ప్రాణం లేచొచ్చింది, అందుకే, ఊరికే కాదు, ఆ హోరు నిజంగా ఇలాగే ఉంటుందా అని నా చెవులతో ఒకసారి సరిచూసుకోవాలని, అమ్మను ఒకసారి ఇదే కుర్చీలో కూర్చోబెట్టాను, చేరిన కొత్తలో, అమ్మ నూలు మిల్లులో పనిచేసి పనిచేసి చెవులు పోగొట్టుకుంది, పూర్తిగా కాదు, లావు చప్పుళ్ళు తెలుస్తాయి, మాటలు తెలియవు, నా పెదవులు చూసి మాట పట్టుకుంటుంది, నేను నోటికి అట్ట అడ్డం పెట్టుకుని మాటలు చెప్పమంటే, నోరు మూసుకుని మాట్లాడితే ఎవరికి వినపడుతుందే, ఇదేం చదువు, అంది, చెవి మిషను పెట్టిస్తానంటే ఎందుకే, అంత వినదగ్గ మాటలు ఇప్పుడెవరంటున్నారు అంది, కానీ ఈ హోరు పెట్టగానే ఉలిక్కిపడి చూసి, ఇది మా మిల్లే, అంది, కాదమ్మా జలపాతం అంటే ఆ రోజు నమ్మలేదు, మళ్ళీ మొన్న, ఆ ఆదివారం సంగతి తెలిసిన సాయంత్రం ఇంటికి పరిగెత్తుకెళ్ళి, వంటింట్లో భుజం తట్టి నావైపు తిప్పుకుని, దీపం నా మొహం మీద పడేలా నిలబడి, అమ్మా, ఆదివారం మేం జలపాతానికి వెళ్తున్నాం, అన్నాను, అమ్మ నా పెదవుల వంకే చూసి, అంటే ఆ మిల్లు చప్పుడుదా, అంది, అదే, అన్నాను, అక్కడ మేస్త్రీ ఉండడా, అంది, అడవిలో మేస్త్రీ ఎందుకుంటాడమ్మా అంటే, అయితే మేస్త్రీ లేని మిల్లన్నమాట, అని కడుపు పట్టుకుని నవ్వింది, ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో, ఇప్పుడు ఇంటికెళ్ళి ఆ మొహానికి ఏం చెప్పాలి, నన్ను రావద్దన్నారమ్మా అని పెదవులు ఎలా కదపాలి, ఆ మాట రెండోసారి అనిపించుకుంటుంది అమ్మ, సగం అర్థమై, ఏంటీ, ఏంటీ అంటుంది, గట్టిగా అరిచి చెప్పాలి, వీధంతా వింటుంది.

ఆ రోజు నుంచీ ఇంట్లో ఒకటే ప్రశ్నలు, మెట్లుంటాయా, చాలా దూరం నడవాలా, కూర్చోడానికి బండలుంటాయా, నీళ్ళలో కాళ్ళు పెట్టనిస్తారా, చిన్నపిల్లలా, నేనేమో ఓపిక లేక సగం చెప్పి సగం ఎగ్గొట్టి ఫోనులో దారి చూపించే మనిషితో మాట్లాడుకుంటూ తిరిగాను, జలపాతానికని కొన్న బూట్లు కొత్తవి కదా కరుస్తాయని ఇంట్లో వేసుకుని తిరుగుతుంటే అమ్మ చూసి, మంచి పని, ముందే అలవాటు చెయ్యాలి, అంది, అన్నదే తడవుగా అటక మీది డబ్బా దింపింది, పాత సామాను తీసి ఇల్లంతా పరిచే పిచ్చి మళ్ళీ మొదలైందనుకుని విసుక్కున్నాను, పై వాటా పిన్నిగారు కూడా మొన్న మెట్ల మీద ఆపి, ఆదివారం నీళ్ళు పట్టడానికి మీవాళ్ళెవరూ ఉండరటగా, బిందెలు మా గుమ్మంలో పెట్టండి నేను పడతాను అంటే, ఈవిడకి ఏది విన్నా తప్పే అనుకుని సరే పిన్నీ అని వచ్చేశాను, ఛీ, ఎందుకు ఇవన్నీ ఇప్పుడు, చెయ్యి కూత పెడుతోంది, కన్ను దీపం చూస్తోంది, మనసు మాత్రం అడవి గేటు దగ్గర నిలబడి వాళ్ళ వ్యాను కోసం ఎదురుచూస్తోంది, అక్కడ దారి రెండుగా చీలుతుంది, ఎడమ పక్కది నీళ్ళకు, కుడి పక్కది మూసేసిన రాళ్ళ క్వారీకి, కుడి పక్క అని చెప్తే సరి, మిట్టమధ్యాహ్నం ఎండలో రాళ్ళ గుట్ట ముందు అందరూ వరసగా నిలబడి, పళ్ళ డాక్టరు, కళ్ళ డాక్టరు, మడమ చెప్పులు, ఇదేంటండీ జలపాతం అన్నారు అంటే మా డాక్టరుగారు, మా పిల్ల పద్ధతిగా చేస్తుందే అని తల గోక్కుంటూ, జలగల సంగతి చెప్పకపోయినా చాలు, జలగకు మేం లేదు మనం లేదు, అందరూ దానికి మనవాళ్ళే, ఒక్క క్షణం కడుపు చల్లబడింది, మరుక్షణమే ఆ ముసలావిడ గుర్తొచ్చింది, డాక్టరుగారి అత్తగారు, ఆ మోకాళ్ళతో రాళ్ళ మీద, ఛ, నా వల్ల కాదు, చెడగొట్టడం కూడా రాదు నాకు, బడిలో బోర్డు తుడిచిందీ నేనే, పిల్లల పుస్తకాలు మోసిందీ నేనే, నువ్వైతే చేస్తావు, నువ్వైతే చేస్తావు, ఆ మాట నా మెడకు గంటలా కట్టారు, ఎక్కడ మోగినా నేనే వచ్చానని తెలిసిపోతుంది.

కూతలు అయ్యాయి, ఇప్పుడు మాటలు, తాతగారూ, నేనొక మాట చెప్తాను, మీరు అదే మాట మళ్ళీ చెప్పాలి, తాడు, అన్నాను, తాడు, అన్నాడు, కోడి, కోడి, మామ, పాప, అన్నాడు, కాదండీ, మామ, పాప, అన్నాడు మళ్ళీ, ధీమాగా, అప్పుడు చూసుకున్నాను, అట్ట నా ఒళ్ళో ఉంది, కోపంలో నోటికి అడ్డం పెట్టుకోవడమే మర్చిపోయాను, ఈయన ఇంతసేపూ వినట్లేదు, అద్దంలోంచి నా పెదవులు చదువుతున్నాడు, పెదవుల మీద మామా పాపా ఒకటే, రెండింటికీ పెదవులు మూసుకుని తెరుచుకుంటాయి, లోపల ముక్కు చేసే పని ముక్కుకే తెలుసు, చూసేవాళ్ళకు తెలియదు, ఆ మాత్రం తెలిసినదాన్నే, నేర్చుకున్నదాన్నే, పెదవుల మీద ఏ మాట ఏ మాటలా కనపడుతుందో పరీక్షలో పేజీలు రాసినదాన్నే, మామ, పాప, మేడ, పేడ, మేం, మనం.

మేం, పెదవులు మూసుకుంటాయి, తెరుచుకుంటాయి, మూసుకుంటాయి, మనం, మూసుకుంటాయి, తెరుచుకుంటాయి, మూసుకుంటాయి, మధ్యలో నాలుక ఏం చేసిందో బయటికి రాదు, అమ్మా, ఆదివారం మేం జలపాతానికి వెళ్తున్నాం, దీపం నా మొహం మీదే ఉంది, అమ్మ కళ్ళు నా పెదవుల మీదే ఉన్నాయి, అమ్మకేం కనపడింది, చాలా దూరం నడవాలా, ఎవరు నడవాలని అడిగింది, కూర్చోడానికి బండలుంటాయా, ఎవరు కూర్చోడానికి, అటక మీంచి దింపిన డబ్బాలో ఉన్నవి మిల్లులో ఇచ్చిన గుడ్డ బూట్లు, వాటిని ఉతికి కిటికీలో ఆరబెట్టింది, తెల్లగా, నాడాలు విడిగా పిండి మరీ, వాటి పక్కనే కూర్చుని నేను దారి చూపించే మనిషితో ఫోన్లో మాట్లాడాను, రోజూ పడుకోబోయే ముందు మోకాళ్ళకు ఆ ఘాటు మందు రాసుకోవడం మొన్న మొన్నటి నుంచే, మంచి పని, ముందే అలవాటు చెయ్యాలి, నా బూట్ల గురించి కాదు, ఆదివారం మీవాళ్ళెవరూ ఉండరటగా, పిన్నిగారు తప్పు వినలేదు, అమ్మ చెప్పింది, మేం జలపాతానికి వెళ్తున్నాం అని వీధంతా చెప్పుకుంది, ఆ మేంలో నేనున్నాను, అమ్మ అన్న మేంలో నేను మొదటిదాన్ని, నేనన్న మేంలో అమ్మ లేదు, అయినా అమ్మకు కనపడింది మనం, పిలవకుండానే ఆఁ వస్తున్నా అని బూట్లు ఉతుక్కుని గుమ్మంలో నిలబడింది.

తాతగారూ అయిపోయిందండీ, బాగా చేశారు, అన్నాను, ఎన్ని మార్కులమ్మా, అన్నాడు, కోడలు ఆయన చెవుల మీంచి హెడ్‌ఫోన్లు తీసి జుట్టు సర్దుతోంది, మిషను పెట్టించాలండీ, కానీ ఆయనకు వినపడనిది కూడా చాలా తెలుస్తోంది, అన్నాను ఆమెతో, ఆమె నవ్వి, పిలిచాను అనడం మానెయ్యాలా అయితే, అంది, మానకండి, అన్నాను, అంత గట్టిగా ఎందుకన్నానో ఆమెకు తెలియదు, కోపం పోలేదు, పోయిందనుకుంటే పొరపాటు, ఇప్పుడే దానికి కాళ్ళొచ్చాయి, ఇంతసేపూ గదిలో గుండ్రంగా తిరిగిన కోపం ఇప్పుడు తలుపు వెతుక్కుంటోంది, పేషెంటు కాగితం పట్టుకుని వరండాలో నడుస్తున్నాను, వెదురు తోపు చుట్టూ తిరిగే చదును దారి, దూరమెక్కువే గానీ ముసలివాళ్ళకు భయం లేదు, ఎవరి అత్తగారి కోసమో వెతికిన దారి, దారికి ఎవరి అత్తగారో ఏం తెలుసు, అడవి గేటు దాకా బస్సుంది, వ్యాను దొరక్కపోతే ఎలా అని అది కూడా కనుక్కుని పెట్టాను, పద్ధతిగా, నేనైతే చేస్తాను కదా, చేశాను, అన్నీ చేశాను, ఎవరి కోసం చేశానో అదొక్కటే ఇప్పటిదాకా తెలియలేదు.

డాక్టరుగారు ఫోనులో ఉన్నారు, అంతా మా పిల్లే చూసిందండీ, మనం వెళ్ళి వ్యానెక్కడమే, అంటున్నారు పళ్ళ డాక్టరుగారితో, మనం అనడం వచ్చు ఆయనకు, చక్కగా వచ్చు, ఫోను పెట్టేసి, ఏంటి తల్లీ, అన్నారు, కాగితం బల్ల మీద పెట్టాను, దారి చూపించే మనిషి నంబరు కూడా పక్కనే పెట్టాను, వాగు తగ్గిందట, మడమ చెప్పులు వద్దని చెప్పండి, జలగలకు ఉప్పు పట్టుకెళ్ళండి, చీలిక దగ్గర ఎడమ పక్కకే వెళ్ళాలి, అన్నాను, చెప్పాను, ఎడమ పక్కే అని చెప్పాను, వెరీ గుడ్, అన్నారు, కంపెనీ అతన్ని సోమవారం రమ్మని ఫోన్ చేస్తానండీ, ఆదివారం నేను రాను, అన్నాను, అదేంటి, ఆదివారం ఏముంది నీకు, అన్నారు, నవ్వుతూనే, నేను ఇంట్లో వంటింటి దీపం కింద నిలబడ్డట్టు నిలబడ్డాను, మొహం పూర్తిగా ఆయన వైపు తిప్పి, పెదవులు దాచుకోకుండా, గొంతు పెంచకుండా, ఆదివారం మేం జలపాతానికి వెళ్తున్నామండీ, అన్నాను, ఆయన నవ్వు ఉన్నచోటే ఆగింది, ఎవరు తల్లీ, అనబోయి అనలేదు, చిన్న కూత, చాలా చిన్నది, కానీ కూత వినపడినప్పుడు మొహంలో ఏం కదులుతుందో రోజూ అద్దంలోంచి చూసేదాన్ని, నాకు తెలుసు, ఆయనకు వినపడింది.